మొలలోతు నీళ్లలో నాట్లు

తాటాకు బుట్ట తాడును పళ్ళతో కరిచిపట్టుకొని, పేరమ్మ మొలలోతు నీళ్లలో వంగి ఉంది. రెండు చేతులూ నీటి అడుగున గడ్డిలో రొయ్యల కోసం వెతుకుతున్నాయి. మేస్త్రి జయరామయ్య పడవ మీది నుంచి వంగి ఆ బుట్టను పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. బుట్టతో పాటు ఆమె ముందుపన్ను ఊడి వచ్చింది.

1964 జనవరిలో, పులికాట్ సరస్సులో, పట్టపగలు నేను కళ్ళారా చూసిన సంగతి ఇది.

"ఇవి లీజు నీళ్లని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అన్నాడు జయరామయ్య. బుట్టలోవి నీళ్లలోకి విదిలించాడు. గుప్పెడు రొయ్యలు కూడా లేవు. బుట్టను కాలితో తొక్కి విరిచేశాడు.

పేరమ్మ సరస్సు నీళ్లతోనే నోరు పుక్కిలించింది. ఉప్పు నీళ్లు. నెత్తురు ఉమ్మేసి, ఒడ్డుకు నడిచింది. పడవలో ఆరుగురు కూలీలున్నారు. అందులో ఒకడు ఆమె మొగుడు పోలేరయ్య. అతని చేతిలో పార ఉంది. ఆ పారతో అతను ఏం చేశాడని మీరు అడగొచ్చు. గుల్ల ఎత్తి తట్టలో పోశాడు. ఒడ్డున నిలబడ్డ నేను ఏం చేశానని కూడా అడగండి. నేనూ ఏమీ చేయలేదు.

రైసుమిల్లుల్లో బస్తాలు మోసే అన్నలు, హాస్టళ్లలో చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ కథ వినాలని చెబుతున్నాను. ఇందులో గొప్ప ఉపన్యాసాలు లేవు. అలసిపోయిన మనుషులున్నారు.

సరస్సు ఒడ్డున ఎత్తుగా ఒక తిప్ప ఉంది. దాని మీద యానాదుల గుడిసెలు నలభై. అక్కడికి అర మైలు దూరంలో వలలవాళ్ల పల్లె, దాన్ని కుప్పం అంటారు. ఆ కుప్పం బడిలో నేను ఒక్కణ్ణే అయ్యోరిని. వలలవాళ్లకు పడవలున్నాయి, ఏ రోజు ఎవరు ఏ నీళ్లలో వల వేయాలో తాతలనాటి నుంచి వస్తున్న వంతులున్నాయి. తిప్ప మీదివాళ్లకు ఉన్నవి చేతులే. ఆడవాళ్లు నీళ్లలో దిగి, గడ్డిలో దాక్కున్న రొయ్యలను తడుముకొని పట్టుకునేవాళ్లు.

నీళ్ల అడుగున గడ్డి ఉంటుందని నాకు కూడా అక్కడికి వెళ్లాకే తెలిసింది. నాచు కాదు. నాచుకు వేరుండదు. ఇది బురదలో వేళ్ళు పాకించి, నీళ్ల కింద పచ్చిక బయలులాగా పరుచుకొనే గడ్డి. రొయ్య పిల్లలు, చేప పిల్లలు అందులోనే పెరుగుతాయి. ఆ గడ్డి కింద బురద, బురద కింద జానెడు మందాన పాతకాలపు గుల్ల. గుల్లను కాల్చితే సున్నం. ఊరూరా కొత్త ఆఫీసులు, కొత్త మేడలు లేస్తున్న కాలం. ఎక్కడో పట్నంలో ఉండే ఒక కంట్రాక్టరు సరస్సులో గుల్ల తవ్వుకోవడానికి లీజు సంపాదించాడు. అతని ముఖం మేం ఒక్కసారి కూడా చూడలేదు. మాకు కనిపించే కంట్రాక్టరు జయరామయ్యే.

గుల్ల తవ్వాలంటే ముందు గడ్డిని చెక్కేయాలి. మూడేళ్లపాటు చెక్కారు. గడ్డి పోయాక రొయ్య పోయింది. రొయ్య పోయాక, తిప్ప మీది మగవాళ్లు బతకడానికి ఆ గుల్ల కూలికే చేరారు. పెళ్ళాం చేతులు పెట్టి వెతుక్కునే గడ్డిని మొగుడు పారతో చెక్కేవాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే కుండలోది తినేవాళ్లు.

నాకు తెలిసిన పోరాటాలు మూడే. అర్జీ, ఊరేగింపు, సమ్మె. నేను అర్జీ రాశాను. పద్నాలుగు మంది ఆడవాళ్లతో తెల్లవారకముందే బయల్దేరి తాలూకా కచేరీకి నడిచాను. అధికారి భోజనం ముగించుకొని వచ్చి చదివాడు.

"నీళ్లు ప్రభుత్వానివి. గుల్ల లీజుదారుడిది. మరి మీదేమిటి?"

"గడ్డి, సామీ," అంది పేరమ్మ. పన్ను పోయిన సందులోంచి గాలి వచ్చి మాట ఈల వేసినట్టు వినిపించింది. గుమాస్తా నవ్వాడు.

"గడ్డా? దానికి సర్వే నంబరుందా?"

అధికారి నవ్వలేదు. నిజంగానే రికార్డు తెప్పించి పేజీలు తిరగేశాడు. లేదు. "ఇందులో లేనిదాన్ని ఎవరో పాడుచేశారని నేనెలా రాయను?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే నాకు ఎక్కువ నీరసం వచ్చింది.

తిరుగుదారిలో తుమ్మచెట్ల నీడన కూలబడ్డాం. ఎవరి కాళ్లు వాళ్లు ఒత్తుకుంటున్నారు.

"సమ్మె చేయాలి," అన్నాను. "మీ మగవాళ్లు పారలు దించేస్తే..."

"దించితే ఆ దినం కూడెవురు పెడతారయ్యోరా? నువ్వు పెడతావా?" అంది పేరమ్మ.

"మరేం చేద్దాం?"

"నాటుదాం."

"ఏమిటి నాటేది?"

"గడ్డే. ఆ నా బట్టలు చెక్కేసి వదిలిపెట్టిన చోట మళ్లా నాటుదాం. సంగం ఊరికాడ వరి నాట్లకు పదేండ్లు పొయ్యినా నేను. బురదలో మొక్క పెట్టేది నాకు కొత్తా?"

నేను విసుక్కున్నాను. "పేరమ్మా, వాడు చెక్కుతాడు, నువ్వు నాటుతావు. దాన్ని పోరాటం అనరు."

"మరి నువ్వు అర్జీ నాటితివే. దానికేం మొలిసింది?"

పద్నాలుగు మందీ నవ్వారు. ఆ రోజు నవ్వింది ఆ ఒక్కసారే.

నాటడం మొదలుపెట్టారు. పారలు చెక్కిన గడ్డి కొంత ఒడ్డుకు కొట్టుకొచ్చేది. అందులో వేరు చెడనిదాన్ని ఏరి, తడిగుడ్డలో చుట్టి, గడ్డి చెక్కేసి ఇంకా గుల్ల తవ్వకుండా వదిలేసిన ఒక మెట్టలో, నీళ్ల కింద కాస్త ఎత్తుగా ఉన్న చోట, నాటారు. రెండు రోజుల్లో అలలు పీకేశాయి. మళ్లీ నాటారు, ఈసారి పెంకు ముక్కలకు కట్టి. పెంకుతో పాటు మొక్క బురదలో కూరుకుపోయింది. ఈతపుల్లలు గుచ్చి కట్టారు. పీతలు కొరికేశాయి. పొద్దున దూరపు నీళ్లలో రొయ్యలకు, మధ్యాహ్నం నాట్లకు. కాళ్ల వేళ్ల సందులు ఒరిసిపోయి నడవలేకపోయేవాళ్లు. నలభై మందితో మొదలైన పని పన్నెండు మందికి దిగింది.

నేను బడి అయ్యాక వెళ్లి నీళ్లలో నిలబడేవాణ్ణి. మా కమ్యూనిస్టు పార్టీ ఆ ఏడాది రెండు ముక్కలవుతూ ఉంది. నెల్లూరు పార్టీ ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను, మనిషిని పంపమని. ఒక్కదానికి జవాబు వచ్చింది, మీరు ఎటువైపని అడుగుతూ. పేరమ్మకు చదివి వినిపించాను.

"మొలలోతు నీళ్లలో ఉండామని రాయి," అంది.

దారి చూపింది చెంచమ్మ. తిప్ప మీద అందరికన్నా ముసలిది. ఒకరోజు ఆమె కాలికి బురదలో ఏదో తగులుకుంది. లాగితే రాలేదు. వంగి తడిమి, "ఒమే, ఇట్టా రాండి," అని కేక వేసింది. ఎప్పుడో కొట్టుకొచ్చిన పాత నూలు వల ముక్క. దాని కన్నుల్లోంచి గడ్డి వేళ్లు దూరి, బురదను కరుచుకొని ఉన్నాయి. అలలు దాన్ని కదిలించలేకపోయాయి.

ఇక అర్థమైపోయింది. చాపంత వల ముక్కను ఒడ్డున పరుచుకొని, ఒక్కో కన్నులో ఒక్కో గడ్డిపిలకను దూర్చి ముడివేయాలి. నాలుగు మూలలా గుల్లలు కట్టి నీళ్లలో పరవాలి. గడ్డి వేరు తన్నుకునే వరకు వల పట్టుకుంటుంది. తర్వాత నూలు తనంతట తానే కుళ్లి బురదలో కలిసిపోతుంది. కొనవలసింది ఏదీ లేదు. కానీ వల కావాలి. వలలు తిప్ప మీద లేవు.

కుప్పంలో ఉన్నాయి. అప్పుడప్పుడే నైలాను వలలు వచ్చి నూలు వలలు మూలపడుతున్న రోజులవి. కుప్పం పెద్ద ఆదెయ్య. తిప్పవాళ్లను ఆయనతో మాట్లాడించడానికి నాకు నెల పట్టింది. వలలవాళ్లు ఇసుకలో చాపల మీద కూర్చున్నారు. తిప్పవాళ్లు దూరంగా నిలబడ్డారు. అలా నిలబడాలని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే నిలబడ్డారు.

"యానాదోళ్లకు మన వలలా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఆదెయ్య తల అడ్డంగా ఊపాడు. "గడ్డి పెరిగితే నైలాను వల దానికి తగులుకొని చినుగుద్ది. మీ రొయ్యల కోసం మా వలలు చించుకోమంటావా అయ్యోరా?"

చెంచమ్మ కర్ర ఊతంగా రెండడుగులు ముందుకొచ్చింది. "ఆదెయ్యా, నువ్వింత ఉన్నప్పుడు గడ్డిలో పీతను ఎట్టా పట్టాలో నేర్పింది నేను. కొత్త వల తెచ్చినావంట. ఎంత పడతా ఉండాది?"

ఆదెయ్య ఇసుకలో వేలితో గీత గీశాడు.

"మీ నాయన నూలు వలతో పడవ మునిగేంత తెచ్చినాడు. నువ్వు నైలానుతో గంపలో సగం తెస్తుండావు. చేపపిల్ల యాడ పెరగాల? నీ పడవలోనా?"

"గుల్లపడవలు మన వంతు నీళ్ల అడుగు కూడా తవ్వినాయి పెద్దాయనా," అన్నాడొక వలలవాడు నేల చూపులు చూస్తూ. "మనం ఊరుకుంటిమి. యానాదోళ్ల గొడవ గదా అనుకుంటిమి."

ఆదెయ్య లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు. "నా పెరట్లో సొరపాదుకు కట్టిన పాత వల ఉండాది. తీసకపోండి. ఇంకేం అడగొద్దు."

అది గెలుపేం కాదు. ఒక చినిగిన వల. మేం దాన్ని తలమీద పెట్టుకొని తిప్పకు తెచ్చాం. మరుసటి వారానికి ఇంకో నాలుగిళ్లవాళ్లు, ఆదెయ్య చూడకుండా, తమ పాత వలలు బడి వెనక పడేసి పోయారు.

ఆ వలలు నిలిచాయి. వేసవికి మెట్ట మీద ముప్పై చాపలు పచ్చబడ్డాయి. కార్తీకంలో కాళంగి, స్వర్ణముఖి నదుల వరదనీళ్లు వచ్చి సరస్సు చప్పబడింది. చప్పనీళ్లకు సగం గడ్డి చచ్చింది. పేరమ్మ ఆ మెట్ట మీద నిలబడి, చేతికొచ్చిన నల్లటి వేళ్లను చూసి, "నా వల్ల కాదింక," అంది. రెండు నెలలు నాట్లకు రాలేదు. నేనూ పిలవలేదు. నాకూ వద్దనిపించింది. సంక్రాంతి పోయాక, సరస్సు సముద్రంలో కలిసే మొగ తెరుచుకొని ఉప్పునీళ్లు లోపలికొచ్చాక, ఒక ఉదయం ఆమె వలముక్క పరుచుకొని ముడులు వేస్తూ కనిపించింది. ఎందుకు మళ్లీ మొదలుపెట్టావని అడిగితే, "ఇంట్లో కూసుంటే మాత్రం యాడుండాది కూడు?" అంది.

ఆ రెండో ఏడాది గడ్డి పట్టింది. పాత చాపల వేళ్లు కొత్త చాపల వేళ్లతో కలిసి మెట్టంతా ఒకటే పచ్చిక అయింది. మార్చిలో అందులో బియ్యపుగింజంత రొయ్యపిల్లలు కనిపించాయి. పక్క తిప్పల వాళ్లు చూడటానికొచ్చారు. పేరమ్మ వాళ్లకు నేర్పింది. ఒక పూట చాలు నేర్పడానికి. మూడు తిప్పల్లో మొదలుపెట్టారు. నేను రాసిన ఏ కరపత్రమూ మూడు ఊళ్లు తిరగలేదు.

ఏప్రిల్లో గుల్లపడవలు ఆ మెట్ట మీదికే వచ్చాయి. మిగతా చోట్ల గుల్ల అయిపోయింది. ఇక ఉన్నది ఈ గడ్డి కిందే.

కబురు తెలిసి మేం పరుగెత్తేసరికి ఏడు పడవలు మెట్ట అంచున ఆగి ఉన్నాయి. పేరమ్మ, చెంచమ్మ, ఇంకా ఇరవై మంది ఆడవాళ్లు నీళ్లలో దిగి గడ్డి మీద నిలబడ్డారు. పడవల్లో ఉన్నది వాళ్ల మొగుళ్లు, అన్నదమ్ములు. మొదటి పడవ ముందుభాగాన పోలేరయ్య.

"తవ్వండిరా!" అని అరిచాడు జయరామయ్య. "ఆడముండలు అడ్డం నిలబడితే ఆగుతారేంది?"

పోలేరయ్య నీళ్లలోకి దిగాడు. పారతో పెళ్ళాం ఎదుట నిలబడ్డాడు.

"తప్పుకో మే," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"నేను తప్పుకోను. పార దించేదుంటే నా కాళ్ల మధ్యనే దించు."

"కూలి పోతాది మే."

"పోనీ. ఈ గడ్డి పోతే నీ కూలీ ఉండదు, నా రొయ్యా ఉండదు. గుల్ల అయిపోయినాక ఆ జయరామయ్య నిన్ను కూసోబెట్టి మేపుతాడా?"

పోలేరయ్య పార ఎత్తాడు. ఎత్తిన పార అలాగే ఉంది. ఆమె కాళ్ల చుట్టూ గడ్డి నీళ్ల కింద అటూ ఇటూ ఊగుతోంది. అతను దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పారను నెమ్మదిగా పడవలో పెట్టాడు.

"ఏందిరా?" అన్నాడు జయరామయ్య.

"నాకు చేతకాదు," అన్నాడు పోలేరయ్య. "పొద్దున చెక్కేది నేను, మాపున దానికోసం ఏడ్చేది నేను. అలిసిపోయినా మేస్త్రీ. ఇంకెవురినన్నా పెట్టుకో."

అంతే. నినాదమేదీ లేదు. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్క పార పడవలో పడుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. సమ్మె చేయమని నేను పదిసార్లు చెప్పాను. నా మాటకు దిగని పారలు అలసటకు దిగాయి.

పదకొండు రోజులు వంతుల మీద ఆ మెట్ట మీద నిలబడ్డాం. గంజి, ఉడకబెట్టిన దుంపలు. కంట్రాక్టరు మనుషులు వేరే చోట నుంచి కూలీలను తెస్తారని తెలిసి, ఆదెయ్య కుప్పాన్ని పోగేశాడు. పడవలు వచ్చే కాలవకు అడ్డంగా తమ నైలాను వలలు కట్టించాడు. అది ఆయన వంతు నీళ్లు, ఆయన వల కట్టుకుంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. పన్నెండో రోజు జయరామయ్య మనుషులు కత్తులతో ఆ వలలు కోశారు. ఆదెయ్య ఒడ్డున నిలబడి చూశాడు.

ఆ మధ్యాహ్నమే పోలీసులొచ్చారు. అప్పటికే దేశమంతటా మా వాళ్లను భారత రక్షణ చట్టం కింద లోపలేస్తున్నారు. నా పేరు వాళ్ల దగ్గర ముందే ఉంది. నన్ను, పోలేరయ్యను, పందొమ్మిది మంది ఆడవాళ్లను తడిబట్టలతోనే వ్యానెక్కించారు. లీజు నీళ్లలో అక్రమంగా ప్రవేశించామన్నది నేరం. చెంచమ్మను ముసలిదని వదిలేశారు. ఆమె వ్యాను మెట్టు పట్టుకొని, "నన్నెందుకు వదిలేస్తారు? నేను నాటలేదా?" అని తిట్టింది.

సబ్ జైల్లో ఆడవాళ్లదొక గది, మగవాళ్లదొక గది. మధ్యన చిన్న వసారా. రాత్రి పోలేరయ్యను బాగా కొట్టారు. కూలీలను రెచ్చగొట్టింది నేనేనని చెప్పమన్నారు. అతను చెప్పలేదు. చెప్పడానికి అది నిజం కూడా కాదు. తెల్లారి గోడకు ఆనుకొని, "మెట్ట పొయ్యుంటాదిలే అయ్యోరా," అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. నా ఉద్యోగం పోయింది. పేర్లు రాసుకున్న తిప్ప మగవాళ్లకు ఇక ఏ పడవ మీదా పని దొరకదు. ఇంత చేసి ఏం మిగిలిందన్న లెక్క ఎటు తిప్పినా తేలలేదు.

నాలుగో రోజు ఆదెయ్య వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన తుండు. జవానుకు దండం పెట్టి వసారాలోకి వచ్చాడు. ఎవరితో మాట్లాడాలో తెలియనట్టు నిలబడి, చివరికి ఆడవాళ్ల గది ఊచల దగ్గరికి వెళ్లాడు. తిప్ప మనిషి దగ్గరికి ఆయన నడిచి వెళ్లడం నేను చూడటం అదే మొదలు.

"పేరమ్మా," అన్నాడు. "మిమ్మల్ని తీసకపొయిన తెల్లారే కూలోళ్లను తెచ్చినారు. ఒక పక్క ఆరేడు చాపలంత చెక్కేసినారు."

లోపల ఎవరో ఏడ్చారు. పేరమ్మ ఏడవలేదు. "మిగతాది?"

"మిగతాదాని మీద మా ఆడోళ్లు నిలబడుండారు. మా ఇంటిది ముందు దిగింది. ఎన్నడూ మోకాలి తడవని మనిషి. చెంచమ్మ ఒడ్డున కూసోని కేకలేస్తా ఉండాది. ఆ మూడు తిప్పలోళ్లు కూడా వచ్చినారు. కొత్తగా వచ్చిన కూలోళ్లు కూడా మనట్టాంటోళ్లే. నిన్నట్నుంచి పార ముట్టలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఉత్తగా నిలబడేదెందుకని, చెక్కిన చోట మళ్లా నాటతా ఉండారు. నా కోసిన వలలిచ్చినా."

"నైలానా?" అని పేరమ్మ అదిరిపడింది. "ఎవురిమ్మన్నారు నిన్ను? నైలాను కుళ్లదు! గడ్డి గొంతుకు ఉరేసినట్టు బిగుసుకుంటాది. తీసేయించు. నూలుదే పెట్టాల."

"నూలు వలలు ఎన్నుండాయి కుప్పంలో?"

"నీ ఇంట్లో అటక మీద రెండుండాయని మీ ఆడోళ్లే చెప్పినారు."

ఆదెయ్య ముఖం దించుకున్నాడు. తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగి, ఊచల మీద చెయ్యి వేశాడు. "సరే, ఇస్తా. ముడి ఎట్టా వెయ్యాలో చెప్పు. మా ఆడోళ్లు బిగించి ఏస్తుండారు."

"బిగిస్తే తెగుద్ది. వేలు దూరేంత వదులుండాల," అంది పేరమ్మ.

"వేరు పొడుగున్నదాన్నే తీసుకోమను," అంది వెనక నుంచి ఇంకొకామె.

"ఎండలో పెట్టొద్దని చెప్పు, తడిగుడ్డ కప్పమను!"

"నీళ్లు తగ్గినప్పుడే, పాటులోనే పరచమను!"

పందొమ్మిది మంది ఊచల దగ్గర గుమిగూడారు. అందరూ ఒక్కసారే చెబుతున్నారు. కుప్పం పెద్ద ఆదెయ్య బడిలో పిల్లాడిలా ఒక్కొక్క మాటనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ తిరిగి అప్పజెబుతున్నాడు. పక్క గదిలో వాచిన కాళ్లతో పోలేరయ్య గోడ పట్టుకొని లేచి, "గుల్లలు మూలలకే గాదు, నడుమ కూడా ఒకటి కట్టమను!" అని అరిచాడు.

జవాను లాఠీతో తలుపు మీద కొట్టాడు. "నోళ్లు మూసుకోండి! ఇది జైలా, సంతా?"

ఎవరూ నోరు మూయలేదు.